పెద్దపేగు క్యాన్సర్ కీమోతో పాటు కషాయాలు, వస్తి, యోగా: వేటిని కలుపుకోవచ్చు, వేటిని ఆపాలి?

ప్రశ్న (రోగి కుమార్తె, తెనాలి)

నమస్కారం. మా నాన్నగారికి 62 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేస్తారు. విరేచనంలో రక్తం పడుతుంటే మొలలు అనుకుని ఆరు నెలలు నాటుమందు వాడారు. చివరికి కొలొనోస్కోపీ చేయిస్తే పెద్దపేగు చివరి భాగంలో, సిగ్మాయిడ్ అనే చోట, గడ్డ ఉన్నట్టు తేలింది. పది వారాల క్రితం ఆపరేషన్ చేసి ఆ భాగాన్ని తీసేసి, మిగిలిన పేగు కొసలను కలిపి కుట్టారు. 16 లింఫ్ గ్రంథులను పరీక్షిస్తే రెండింటిలో క్యాన్సర్ కణాలు కనిపించాయి కాబట్టి మూడో దశగా లెక్కవేసి, మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ డ్రిప్, దానితో పాటు 14 రోజులు ఉదయం, రాత్రి కేపసిటబిన్ మాత్రలు, ఆపైన వారం విరామం చొప్పున నాలుగు సైకిళ్లు రాశారు. మొదటిది అయింది. రెండోది వచ్చే మంగళవారం.

మొదటి డ్రిప్ ఎక్కించిన సాయంత్రం ఇంటికి రాగానే నాన్నగారు అలవాటు కొద్దీ కుండలో నీళ్లు ముంచుకుని తాగారు. రెండు గుక్కలు దిగాయో లేదో, గొంతును ఎవరో బిగించి పట్టుకున్నట్టయి గ్లాసు వదిలేశారు. చల్లనివి తగలకూడదని ఆసుపత్రిలో చెప్పారు గానీ, మేము ఫ్రిజ్ నీళ్ల సంగతే అనుకున్నాము. కుండ నీళ్ల సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ రోజు నుంచి కీమో అంటే విషమనే మాట మా ఇంట్లో స్థిరపడిపోయింది.

దానికి విరుగుడుగా బంధువులు తెచ్చినవి ఒక్కొక్కటిగా వంటింటి గూట్లో చేరుతున్నాయి. మేనత్త లక్ష్మణఫలం ఆకుల పొడి తెచ్చింది. బాబాయి మిరియాల సారం కలిపిన పసుపు మాత్రల సీసా పంపించారు. ఎదురింటివారు రోజూ పొద్దున్నే గోధుమగడ్డి రసం తీసి ఇస్తామంటున్నారు. అమ్మ తిప్పతీగ కషాయం కాస్తోంది. పక్క ఊరి వైద్యుడు ఇచ్చిన పొట్లాలలో బూడిదరంగు భస్మం ఉంది, పేరు లేదు. వీటన్నిటికంటే నన్ను భయపెడుతున్నది, పేగు శుభ్రం చేయడానికి 21 రోజులు వస్తి (మలద్వారం గుండా కషాయమో నూనెనో ఎక్కించే ఆయుర్వేద చికిత్స) చేస్తామని ఒక చికిత్సా కేంద్రం వారు చెప్పడం, కోసిన పేగును కడగకుండా ఎలా మానుతుందని నాన్నగారు దానికే మొగ్గు చూపడం. ఇవేవీ డాక్టరుగారికి చెప్పవద్దని, చెబితే కోప్పడి చికిత్స మానేస్తారని ఆయన మమ్మల్ని కట్టడి చేశారు.

నేను ఆయుర్వేదానికి వ్యతిరేకిని కాను. మా తాతగారికి కీళ్లనొప్పులు తగ్గింది దానితోనే. అయితే కీమో నడుస్తున్న ఒంట్లో వీటిని ఎలా కలపాలి, ఏవి నిరపాయం, ఏవి ప్రమాదం, నాన్నగారి మనసు నొప్పించకుండా డాక్టరుగారి ముందు ఈ మాట ఎలా ఎత్తాలి అన్నది తెలిసినవారు చెప్పగలరని అడుగుతున్నాను.


సమాధానం 1 (క్యాన్సర్ విభాగంలో క్లినికల్ ఫార్మసిస్టు, హైదరాబాద్)

అమ్మా, ముందుగా అత్యవసరమైన మాట చెబుతాను. వస్తి చేయించవద్దు. విరేచన మందులూ ఇవ్వవద్దు. నాన్నగారికి పేగును కలిపి కుట్టిన చోటు ఇంకా కొత్తది. కింది నుంచి గొట్టం ద్వారా ద్రవాన్ని ఎక్కిస్తే ఆ కుట్టు మీద ఒత్తిడి పడుతుంది. రెండో సంగతి, కీమో తర్వాత తెల్లరక్తకణాలు తగ్గే రోజుల్లో మలద్వారం లోపలి పొర చిన్నగా గీరుకున్నా పేగులోని సూక్ష్మజీవులు రక్తంలోకి దిగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఆ రోజుల్లో ఎనిమా గానీ, అడుగున పెట్టే మందు గానీ, చివరకు అక్కడ పెట్టి చూసే థర్మామీటరు గానీ వద్దంటాము. కేపసిటబిన్ తానే విరేచనాలు తెప్పించగల మందు. దానికి విరేచన కర్మ తోడైతే ఒంట్లో నీరు పోయి మూత్రపిండాల మీదికి వస్తుంది. ఇక పేగును కడగడం సంగతి అంటారా, ఆపరేషన్‌లో ఆ భాగాన్ని చుట్టూ ఉన్న గ్రంథులతో సహా తీసివేశారు. ఇప్పుడు కీమో వెతుకుతున్నది పేగులోని మలినాన్ని కాదు, రక్తంలో, లింఫ్‌లో ఎక్కడైనా మిగిలి ఉండగల కణాలను. ఈ తేడాను నాన్నగారికి నిదానంగా చెబితే ఆయన తప్పక అర్థం చేసుకుంటారు. కోత అయిన చేనులో గింజ రాలి మళ్లీ మొలకెత్తడం చూసిన రైతుకు మనం కొత్తగా నేర్పవలసింది లేదు.

మిగిలినవాటికి నేను ఒకే గీటురాయి వాడతాను: మింగేవి వేరు, చేసేవి వేరు. మింగినది ఏదైనా కాలేయం గుండా పోయి రక్తంలో కీమో మందును కలుస్తుంది. అది మూలికైనా, మాత్రైనా, ఇంట్లో కాచిన కషాయమైనా అంతే. నడక, శ్వాస సాధన, ధ్యానం, సంగీతం, నిద్ర వేళలు అలా కలవవు.

కూరలో పసుపు, చారులో మిరియాలు ఎప్పటిలాగే తినవచ్చు. పసుపు మాత్రల కథ వేరు. మామూలుగా పసుపులోని కుర్‌కుమిన్ అనే పదార్థం ఒంటికి చాలా తక్కువగా పడుతుంది. మిరియాలలోని పైపరిన్ తోడైతే అది రక్తంలోకి సుమారు 20 రెట్లు ఎక్కువగా చేరుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపించారు. సీసా మీద గొప్పగా రాసేది ఆ సంగతే, నేను భయపడేదీ అందుకే. అటువంటి మాత్రలతో కాలేయం వాచిన కేసులు నమోదయ్యాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. నాన్నగారికి ప్రతి సైకిల్‌కు ముందు లివర్ పరీక్ష చేస్తారు. అందులో అంకెలు పెరిగితే అది కీమో వల్లనా, కషాయం వల్లనా అని తేల్చుకోలేక డోసు తగ్గించడమో, సైకిల్ వాయిదా వేయడమో జరుగుతుంది. ఎవరికీ కనపడని నష్టం అది.

లక్ష్మణఫలం పెద్దపేగు క్యాన్సర్‌ను తగ్గిస్తుందని మనుషులలో రుజువైన దాఖలా లేదు. గాజు పాత్రలో కణాల మీద పనిచేసినది ఒంట్లోనూ పనిచేయాలని లేదు. కరేబియన్ దీవి గ్వాడలూప్‌లో ఆ పండును, ఆకు కషాయాన్ని విరివిగా వాడేవారిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బు ఎక్కువగా కనిపించిందని 1999లోనే వైద్యులు రాశారు. ఆక్సాలిప్లాటిన్ ఎలాగూ నరాలను దెబ్బతీయగల మందు, దానికి ఇంకొకటి జోడించడం ఎందుకు? గోధుమగడ్డి రసం పచ్చిది, వేడి తగలనిది. తెల్లరక్తకణాలు తగ్గే రోజుల్లో పచ్చి రసాలే వద్దు. పేరులేని భస్మాన్ని అసలు ఇంట్లో ఉంచవద్దు. అమెరికాలోని బోస్టన్ ప్రాంత దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి దొరికాయని 2004లో ప్రచురించారు. అవి పేరూ లేబులూ ఉన్న సీసాలు. మీ దగ్గరున్న పొట్లానికి అదీ లేదు.

అందరూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. నీరసంగా ఉన్నారని మందుల షాపులో ‘బలానికి’ ఇచ్చే మాత్రలలో చాలావాటిలో ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. అది కేపసిటబిన్ దుష్ప్రభావాలను పెంచుతుంది. డాక్టరు రాయకుండా అవి కూడా ఇవ్వవద్దు. రక్తం పలచబడే వార్ఫరిన్ వంటి మందు వాడుతుంటే అదీ తప్పక చెప్పండి.

డాక్టరుగారితో మాట ఎలా ఎత్తాలన్నారు. మంగళవారం వెళ్లేటప్పుడు గూట్లో ఉన్నవన్నీ, సీసాలూ పొట్లాలూ సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. ‘ఇవి ఇంటికి వచ్చాయి, ఇంతవరకు ఇవి వాడాము, ఏవి ఆపమంటారో చెప్పండి’ అని అడిగితే చాలు. చికిత్స మానేస్తారన్న భయం అక్కరలేదు. దాచినందువల్ల తల పట్టుకున్న వైద్యులను చూశాను గానీ, చూపించినందుకు రోగిని వదిలేసిన వైద్యుడిని నా పదిహేనేళ్ల పనిలో చూడలేదు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ముందు కషాయం, తర్వాత చూద్దాం అన్న ఆలోచన ఆ ఒక్క విషయంలో పెట్టుకోవద్దు.


సమాధానం 2 (విశ్రాంత ఉపాధ్యాయిని, రాజమహేంద్రవరం)

అమ్మాయీ, మీ నాన్నగారి జబ్బే నాకు 2019లో వచ్చింది. ఎనిమిది సైకిళ్లు పూర్తి చేశాను, ఇప్పుడు ఏడాదికొకసారి పరీక్షలకు వెళ్లి వస్తున్నాను. దాచడం గురించి నా అనుభవం చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మూడో సైకిల్ నుంచి నేను ఒక ఆకుల కషాయం తాగాను. ఇంట్లోవారికి కూడా చెప్పలేదు; ఉదయం అందరూ లేవకముందే కాచుకుని, గిన్నె కడిగి బోర్లించేదాన్ని. అయిదో సైకిల్‌కు వెళితే లివర్ పరీక్షలో అంకెలు మూడింతలయ్యాయి. డ్రిప్ ఎక్కించలేదు. కారణం తెలియక డాక్టరుగారు స్కానింగ్ రాశారు, కాలేయానికి పాకిందేమోనని ఇంటిల్లిపాదీ అన్నం తినలేదు. మా పెద్దవాడు గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తుంటే చూసి అప్పుడు నోరు విప్పాను. కషాయం ఆపిన తర్వాత మూడు వారాలకు అంకెలు దిగాయి. డాక్టరుగారు నన్ను ఒక్క మాట అనలేదు, ‘ముందే చెబితే మీకు ఈ మూడు వారాల దిగులు తప్పేది కదమ్మా’ అన్నారు. నాన్నగారికి ఈ సంగతి చదివి వినిపించండి.

నాకు మేలు చేసినవి కూడా ఉన్నాయి. వికారానికి డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటూనే, ఒక నర్సమ్మ నేర్పినట్టు మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు కొలిచి, రెండు నరాల మధ్య చోటును బొటనవేలితో నొక్కి పట్టుకునేదాన్ని. ఆసుపత్రికి వెళ్లే బస్సులో నన్ను కాపాడింది అదే. రాత్రి పడుకునే ముందు దీర్ఘశ్వాస, పొద్దున గోదావరి గట్టు మీద పావుగంట నడక. నీరసంగా ఉన్న రోజున వీధి చివరి వరకే. ఆహారం విషయంలో పథ్యాల పేరిట ఏదీ మానలేదు. విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం ఆకుకూరలు, పచ్చి కూరగాయలు ఆపి, గంజి, మెత్తటి అన్నం, పెసరకట్టు, అరటిపండు తినమన్నారు.

తిమ్మిర్ల గురించి మాత్రం మీరు ముందే సిద్ధపడాలి. చికిత్స పూర్తయ్యాక ఒక ఉదయం వాకిట్లో ముగ్గు వేస్తుంటే గీత లావుగా పడుతోంది. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పిండి ఉందో లేదో వేళ్లకు తెలియడం లేదు. కళ్లతో చూసి వేయవలసి వచ్చింది. ఏడాదికి కొంత తగ్గింది గానీ కాలివేళ్లలో ఇప్పటికీ ఉంది. ఆక్యుపంక్చర్ పది సార్లు చేయించుకున్నాను. నిద్ర బాగుపడింది, తిమ్మిరి పోలేదు. కాబట్టి నాన్నగారు వేళ్లు మొద్దుబారాయంటే వెంటనే డాక్టరుగారికి చెప్పించండి, వారు డోసు సరిచేస్తారు. ఓర్చుకోవడం గొప్పతనమని నేను ఓర్చుకున్నాను. అది తప్పు.


సమాధానం 3 (ఆయుర్వేద వైద్యుడు, వరంగల్)

ఫార్మసిస్టుగారు వస్తి గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. శోధన చికిత్స, అంటే ఒంటిని లోపలి నుంచి శుభ్రం చేసే చికిత్స, బలమున్న రోగికి చేయవలసినదని మా శాస్త్రమే చెబుతుంది. ఆపరేషన్ అయి, కీమో నడుస్తూ, ధాతుబలం తగ్గిన మనిషికి 21 రోజుల వస్తి చేస్తామన్నవారు మా విద్యను సరిగా చదివినవారు కారు. క్యాన్సర్‌ను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ప్రకారం నేరం కూడా.

అయితే ‘మింగేవన్నీ ఒకటే’ అన్న ధోరణితో కొంత విభేదిస్తున్నాను. భోజనంలో భాగమైన అల్లం, జీలకర్ర, పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి వంటివాటిని మందుల జాబితాలో వేసి రోగిని భయపెడితే, ఆయనకు అన్నం మీదే విరక్తి పుడుతుంది. నోరు చప్పబడిన మనిషికి అల్లం చారు రుచి తెలిస్తే అదే ఆ పూటకు ఆహారం. మోతాదు పెంచి, సారం తీసి, మాత్రగా కట్టినప్పుడే అది ఔషధమవుతుంది. అక్కడి నుంచి వారి హెచ్చరిక న్యాయమే. కీమో నడిచే మూడు నెలలు నేను ఏ రోగికీ లోపలికి మందు ఇవ్వను. ఆఖరి సైకిల్ అయ్యాక, లివర్, రక్త పరీక్షలు కుదుటపడ్డాక, క్యాన్సర్ వైద్యునికి రాతపూర్వకంగా తెలిపి, నిద్రకో ఆకలికో అవసరమైతే ఒకే ఒక్క మందుతో మొదలుపెడతాను.

అభ్యంగం, అంటే నూనె మర్దన, గురించి మీరు అడగలేదు గానీ, అడగబోయేవారుంటారు కనుక చెబుతాను. కేపసిటబిన్ వాడేవారిలో కొందరికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొరలు లేస్తాయి. అటువంటప్పుడు నూనె పెట్టి గట్టిగా రుద్దడం, వేడినీళ్ల కాపడం రెండూ హాని చేస్తాయి. పొట్ట మీద అసలు వద్దు. వీపుకు, భుజాలకు ఇంట్లోవారు మెత్తగా నూనె రాస్తే మంచిదే, అదీ ప్లేట్‌లెట్లు తగినన్ని ఉన్నాయని తెలిశాకే.


ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ నమస్కారాలు. నిన్న రాత్రి టీచరుగారి సమాధానం నాన్నగారికి చదివి వినిపించాను. కషాయం గిన్నె కడిగి బోర్లించిన మాట దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత భస్మం పొట్లాలు తానే తీసి సంచిలో వేశారు. వస్తి మాట మళ్లీ ఎత్తలేదు.

అయితే ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ‘అన్నీ మానేయమంటున్నారు, సరే. డ్రిప్ వాళ్లు ఎక్కిస్తారు, మాత్రలు వాళ్లు ఇస్తారు. మరి నేను చేసేదేమిటి? చేతులు కట్టుకుని మంచం మీద కూర్చోవాలా?’ అన్నారు. నలభై ఏళ్లు పొలం పని చేసిన మనిషి. ఈ మందులన్నీ ఆయన కోరుకున్నది బహుశా దీనికోసమేననిపించింది.


సమాధానం 1 (అదే ఫార్మసిస్టు)

వరంగల్ వైద్యులు అల్లం చారు గురించి అన్నమాట సబబే, నా వాక్యాన్ని అలా సరిదిద్దుకుంటున్నాను.

నాన్నగారి ప్రశ్నకు ఇప్పుడు మన దగ్గర గట్టి సమాధానమే ఉంది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందితో ‘చాలెంజ్’ అనే అధ్యయనం జరిగింది. ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియా ఆసుపత్రులలో. సగంమందికి ఆరోగ్య సూచనల పుస్తకం ఇచ్చారు, మిగతా సగానికి మూడేళ్లపాటు శిక్షకుని సాయంతో వ్యాయామం చేయించారు. వారానికి మూడు నాలుగుసార్లు ముప్పావుగంట నుంచి గంట చురుకైన నడక అంటే దాదాపు వారి లక్ష్యానికి సరిపోతుంది. 2025లో ఫలితాలు వచ్చాయి. అయిదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు వ్యాయామం చేసినవారిలో 80.3 శాతం, మిగిలినవారిలో 73.9 శాతం. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవారు 90.3 శాతం, 83.2 శాతం. ఇంత తేడా ఒక కొత్త మాత్ర చూపించి ఉంటే దాని వెల లక్షల్లో ఉండేది. ఇది కీమోకు బదులుగా చేసినది కాదు, కీమో పూర్తి చేసినవారు చేసినది అని మాత్రం నాన్నగారికి స్పష్టంగా చెప్పండి.

కలపడం వల్లనే చేటు జరుగుతుందా అన్న సందేహానికి కూడా ఒక ఆధారముంది. అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక పరిశీలనలో, అసలు చికిత్సతో పాటు ప్రత్యామ్నాయ చికిత్సలూ వాడినవారిలో మరణాల ముప్పు రెట్టింపు కనిపించింది. లోతుగా చూస్తే వారిలో 34 శాతం మంది కీమోను నిరాకరించారు. మిగతావారిలో అలా నిరాకరించినవారు 3 శాతమే. ఆ నిరాకరణను లెక్కలోకి తీసుకున్నాక తేడా బాగా తగ్గి, ఉందని గట్టిగా చెప్పలేని స్థితికి వచ్చింది. మీ ఇంట్లో నేను కోరేది అందుకే ఒక్కటి: నాలుగు సైకిళ్లలో ఏదీ దేనికోసమూ ఆగకూడదు.

ఇప్పటికి ఆయన చేతిలో పెట్టవలసిన పనులు ఇవి. డ్రిప్ తర్వాత మొదటి అయిదారు రోజులు కుండ నీళ్లు, ఫ్రిజ్ తలుపు, తెల్లవారుజామున బోరు నీళ్లు ముట్టుకోకుండా, గోరువెచ్చని నీళ్లే తాగుతూ కాపాడుకోవాలి. కేపసిటబిన్ భోజనమైన అరగంటలోపు వేసుకుని, నోటుపుస్తకంలో వేళ, జ్వరం, విరేచనాల లెక్క తానే రాసుకోవాలి. అరచేతులకు, నొప్పులకు పూసే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవచ్చా అని మంగళవారం అడగండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 264 మందిపై చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, చేతులు కాళ్లు ఇబ్బందికరంగా ఎర్రబడి పొరలు లేవడం ఆ జెల్ వాడినవారిలో 3.8 శాతానికి, మందు లేని ఉత్తి జెల్ వాడినవారిలో 15 శాతానికి కనిపించింది. నడక ఈ రోజు నుంచే మొదలుపెట్టవచ్చు, ఎండ తగ్గాక, మెత్తటి చెప్పులతో, పొలం గట్టు వరకు వెళ్లి రావడం. దూరం ఎంతన్నది ఆయన ఒంటిని బట్టి ఆయనే నిర్ణయించుకోవాలి. పారపని, బరువులెత్తడం ఎప్పటి నుంచి చేయవచ్చో సర్జన్‌గారిని అడిగి ఆ తేదీని కూడా అదే పుస్తకంలో రాయించండి.